కంది పరిశోధనలో ఎన్ని దేశాల చేతులున్నాయి? అంతర్జాతీయ సహకారాన్ని లెక్కగట్టే తీరు

2011 చివరి నెలల్లో ఒకే కంది రకానికి రెండు జన్యుక్రమాలు వెలువడ్డాయి. రకం పేరు ఆశ. అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ లెక్కల్లో దాని నంబరు ఐసీపీఎల్ 87119. ఒక బృందానికి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వం వహించింది. చైనాలోని షెన్‌జెన్ నుంచి జన్యు పరిశోధన సంస్థ బీజీఐ, అమెరికా నుంచి జార్జియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వంటివి అందులో పాలుపంచుకున్నాయి. ఆ పత్రం నేచర్ బయోటెక్నాలజీలో అచ్చయింది. రెండోది భారత వ్యవసాయ పరిశోధన మండలి సంస్థలూ మన విశ్వవిద్యాలయాలూ కలిసి చేసిన పని. అది జర్నల్ ఆఫ్ ప్లాంట్ బయోకెమిస్ట్రీ అండ్ బయోటెక్నాలజీలో వచ్చింది.

మొదటిది అంతర్జాతీయ సహకారం, రెండోది స్వదేశీ. ఇంతవరకు పేచీ లేదు. పేచీ ఆ తరువాత మొదలవుతుంది. ఇక్రిశాట్ శాస్త్రవేత్త ఒకరు, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఒకరు కలిసి కందిలో ఎండు తెగులు మీద పత్రం రాశారనుకుందాం. ఇక్రిశాట్ 1972లో ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ. కానీ పత్రం మీద దాని చిరునామా చివర కనిపించేది ‘ఇండియా’. కాబట్టి కంప్యూటర్ ఆ పత్రాన్ని స్వదేశీ గంపలో పడేస్తుంది. అదే ఇక్రిశాట్‌లో పటాన్‌చెరు శాస్త్రవేత్త, నైరోబీ కేంద్రం శాస్త్రవేత్త కలిసి రాస్తే, ఇద్దరి సంస్థ ఒకటే అయినా, అంతర్జాతీయ గంపలో వేస్తుంది.

ఒక రంగంలో అంతర్జాతీయ సహకారం ఎంత శాతమో తేల్చేది ఇలాంటి చిరునామా తీర్పులే. కూడికలూ భాగహారాలూ ఏ స్ప్రెడ్‌షీటైనా చేసిపెడుతుంది. అందుకే ఇక్కడ సూత్రాలకంటే చిరునామాలకు ఎక్కువ చోటిస్తున్నాను. పద్ధతి వరి పరిశోధనకైనా ఖగోళశాస్త్రానికైనా ఇదే. కందిని తీసుకున్నది రెండు కారణాలతో: పత్రాలు చేత్తో సరిచూసుకోగలిగినన్నే ఉంటాయి, పంట పండించేవాళ్లూ పరిశోధించేవాళ్లూ భారత్, మయన్మార్, కెన్యా, మలావీ, టాంజానియా, మొజాంబిక్ లాంటి దేశాల్లో పరుచుకుని ఉన్నారు.

మొదటి పని: ప్రశ్నను కాగితం మీద రాయడం

‘సహకారం ఎలా ఉంది?’ అన్నది ప్రశ్న కాదు. అందులో కనీసం మూడు ప్రశ్నలు దాగి ఉన్నాయి. మొత్తం పత్రాల్లో ఒకటికంటే ఎక్కువ దేశాలవారు కలిసి రాసినవి ఎన్ని? ఏ దేశం ఏ దేశంతో ఎక్కువగా కలుస్తోంది? కలిసినచోట పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి? మూడింటికీ ముడిసరుకు ఒకటే, వంట వేరు. మీకు ఏది కావాలో ముందే రాసుకోండి. దానితోపాటు ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు, ఏ రకం పత్రాలు అన్నదీ రాయండి. నేనైతే పరిశోధన పత్రాలు, సమీక్షా వ్యాసాలు ఉంచి, సదస్సుల సంక్షిప్తాలనూ సవరణ ప్రకటనలనూ తీసేస్తాను. ఫలితం చూశాక ఈ హద్దులు మార్చాలనిపిస్తుంది. అప్పుడు ఈ కాగితం మిమ్మల్ని ఆపుతుంది.

రెండో పని: రంగానికి గిరి గీయడం

కందికి పేర్లు ఎక్కువ. ఆంగ్ల పత్రాల్లో ‘పీజియన్‌పీ’ ఒకే మాటగా రాసేవారున్నారు, ‘పీజియన్ పీ’ అని విడగొట్టేవారున్నారు. మన దేశపు పత్రాల్లో ‘రెడ్‌గ్రామ్’ కలిపీ కనిపిస్తుంది, విడిగానూ కనిపిస్తుంది. ఉత్తరాది పత్రాల్లో తుర్, అర్హర్. కరీబియన్ దీవుల్లో గుంగో పీ, స్పానిష్‌లో గండుల్, బ్రెజిల్ పోర్చుగీసులో గువాందు. శాస్త్రీయ నామం కజానస్ కజాన్. పాత పత్రాల్లో కజానస్ ఇండికస్. కందికి అడవి చుట్టాలైన మొక్కల్ని ఒకప్పుడు అటైలోసియా అనే వేరే ప్రజాతిలో ఉంచేవారు, తరువాత కజానస్‌లో కలిపారు. ఆ మాట వెతకకపోతే పాత పత్రాలు కొన్ని జారిపోతాయి.

ఆంగ్ల పేర్లు మాత్రమే పెట్టి వెతికితే ఏమవుతుందో గమనించండి. బ్రెజిల్‌లో బ్రెజిల్‌వారే పోర్చుగీసులో రాసిన పత్రాలు తప్పిపోతాయి. బ్రెజిల్‌వారు విదేశీయులతో కలిసి ఆంగ్లంలో రాసినవి మిగులుతాయి. దాంతో ఆ దేశపు అంతర్జాతీయ శాతం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. వెతుకులాటలో జరిగే పొరపాటు ఒక దిక్కుకే మొగ్గుతుందన్నమాట.

మరీ విశాలంగా వెతికినా చిక్కే. ‘తుర్’ అన్న మూడక్షరాల ఆంగ్లపదం సంబంధంలేని చోట్ల బోలెడు దొరుకుతుంది. దాన్ని ఒంటరిగా వదలకుండా పప్పుధాన్యం, చిక్కుడు జాతి వంటి మాటలతో జతచేయండి. వెతకడం శీర్షిక, సారాంశం, కీలకపదాల వరకే ఉంచండి. పూర్తి పాఠంలో వెతికితే కంది పొట్టును కోళ్ల మేతలో కలిపినవారూ, ముందుమాటలో కందిని ఒకసారి తలచుకున్నవారూ అందరూ వచ్చి కూర్చుంటారు.

గిరి సరిగ్గా పడిందో లేదో చూడటానికి రెండు పరీక్షలు. దొరికినవాటిలోంచి యాదృచ్ఛికంగా 100 పత్రాలు తీసి చదవండి. ఎన్ని నిజంగా కంది గురించినవో లెక్కపెట్టండి. తరువాత కంది మీద వచ్చిన ఒక మంచి సమీక్షా వ్యాసం తీసుకుని, అది ఉదహరించిన కంది పత్రాల్లో ఎన్ని మీ వలలో పడ్డాయో చూడండి. మొదటి పరీక్ష చెత్త ఎంతో చెబుతుంది, రెండోది జారిపోయింది ఎంతో చెబుతుంది. రెండో పరీక్ష చేసేవాళ్లు తక్కువ. అసలు అవసరం దానిదే.

మూడో పని: సమాచారం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి

పత్రాల వివరాలు, రచయితల చిరునామాలు ఒకచోట చేర్చే డేటాబేస్‌లు కొన్ని ఉన్నాయి. వాటిలో వెబ్ ఆఫ్ సైన్స్ పాతది, 1960లలో యూజీన్ గార్ఫీల్డ్ మొదలుపెట్టిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌కు వారసురాలు. స్కోపస్ 2004లో వచ్చింది. ఈ రెండింటికీ చందా కట్టాలి. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అడగండి. ఓపెన్‌అలెక్స్ 2022 జనవరిలో మొదలైంది, మైక్రోసాఫ్ట్ అకడమిక్ మూతపడుతున్న సమయంలో దాని స్థానాన్ని భర్తీ చేయడానికి. దాని సమాచారాన్ని ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. వ్యవసాయ రంగం కాబట్టి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నడిపే ఆగ్రిస్ కూడా పనికొస్తుంది, ముఖ్యంగా ఏమేం తప్పిపోతున్నాయో చూసుకోవడానికి.

ఎంపికలో ఉన్న మెలిక ఇది. గుంటూరు దగ్గర లాం ఫారంలో ఒక కంది రకానికి విత్తే తేదీల మీద చేసిన ప్రయోగం చాలాసార్లు దేశీయ పత్రికలో అచ్చవుతుంది. షెన్‌జెన్‌తో కలిసి చేసిన జన్యు పరిశోధన విదేశీ పత్రికకు వెళుతుంది. డేటాబేస్ ఎంత ఏరికోరి పత్రికలను చేర్చుకుంటే మొదటి రకం పత్రాలు అంతగా బయటే ఉండిపోతాయి. విభాజకం చిన్నదవుతుంది, అంతర్జాతీయ శాతం ఉబ్బుతుంది. విశాలమైన డేటాబేస్‌లో వాటా తగ్గుతుంది గానీ చిరునామాలు లేని పత్రాలు ఎక్కువవుతాయి. ఏదీ తప్పు కాదు. ఒకే రంగానికి రెండు చోట్ల కట్టిన శాతాలను పక్కపక్కన పెట్టి ‘పెరిగింది’ అనడం మాత్రం తప్పు.

ఓపెన్‌అలెక్స్‌లో ప్రతి పత్రానికీ ఎన్ని వేర్వేరు దేశాలున్నాయో చెప్పే అంకె సిద్ధంగా ఉంటుంది. తొలి అంచనాకు అది చాలు. తుది లెక్కకు అది చాలదు, ఎందుకో ఐదో పనిలో చెబుతాను. యంత్రం కట్టబెట్టిన విషయ వర్గీకరణను కూడా కంది లాంటి చిన్న రంగానికి నమ్ముకోవద్దు. పాత సంవత్సరాల వరకు వెళ్లేవారు వెబ్ ఆఫ్ సైన్స్ గురించి ఒకటి గుర్తుంచుకోవాలి: ఏ రచయిత ఏ చిరునామాకు చెందినవారో అది జోడించడం మొదలుపెట్టింది 2008 ప్రాంతం నుంచే. అంతకుముందు పత్రాలకు రచయితల జాబితా ఒకచోట, చిరునామాల జాబితా మరోచోట ఉంటాయి. ఎవరిది ఏదో చాలావరకు తెలియదు.

రెండు మూడు చోట్ల నుంచి తెచ్చినట్లయితే ఒక్కో పత్రానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు, డీఓఐ సంఖ్య ఆధారంగా నకళ్లు తీసేయండి. డీఓఐ లేనివాటిని శీర్షిక, సంవత్సరం కలిపి సరిచూడాలి. పాత భారతీయ పత్రికలకు ఇది తప్పదు.

నాలుగో పని: చిరునామాలను కడిగి ఆరబెట్టడం

నేను మొదటిసారి కంది లెక్క కట్టినప్పుడు పట్టికలో జార్జియా కనిపించింది. కాకసస్ పర్వతాల కింద ఉన్న దేశం కందిలో ఇంత పని చేస్తోందా అని ఆశ్చర్యపోయాను. దాని కింద గ్రీసు కూడా ఉంది. చిరునామా తెరిచి చూస్తే ‘జార్జియా విశ్వవిద్యాలయం, ఏథెన్స్, జార్జియా’. అమెరికాలో జార్జియా రాష్ట్రం, ఆ రాష్ట్రంలో ఏథెన్స్ అనే ఊరు, ఆ ఊళ్లో విశ్వవిద్యాలయం. నేను రాసుకున్న చిన్న ప్రోగ్రాం ఊరి పేరు చూసి గ్రీసుకూ, రాష్ట్రం పేరు చూసి మరో దేశానికీ పంపింది. ఒక్క అమెరికా చిరునామా రెండు దేశాలైపోయింది, అసలు దేశం ఎక్కడా లేదు.

అప్పటినుంచి దేశం పేరును చిరునామాలో చివరి కామా తరువాత ఉన్న భాగంలోనే వెతుకుతాను, అదీ మొత్తం మాటగా. మాటలో భాగంగా వెతికితే ‘ఇండియానా’ రాష్ట్రం ఇండియా అవుతుంది. ‘నైజీరియా’ ఆంగ్ల అక్షరాల్లో ‘నైజర్’ దాగి ఉంది, రెండూ వేర్వేరు దేశాలు. ఇక్రిశాట్‌కు నైజర్ రాజధాని నియామీలో కేంద్రం ఉంది కాబట్టి ఇది ఊహించిన ప్రమాదం కాదు. కాంగోలు రెండున్నాయి. హైదరాబాదులూ రెండున్నాయి: సింధ్‌లోని హైదరాబాద్ దగ్గర టండోజాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. ఊరి పేరు ఆధారంగా దేశాన్ని ఊహించే పనిముట్టు వాడితే పాకిస్థాన్ శాస్త్రవేత్తలు మన ఖాతాలో పడతారు.

వెబ్ ఆఫ్ సైన్స్ ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌లను విడివిడిగా రాస్తుంది. వాటిని బ్రిటన్ కింద కలపకపోతే ఎడింబరో, కేంబ్రిడ్జి కలిసి రాసిన పత్రం అంతర్జాతీయమై కూర్చుంటుంది. కాలం వెనక్కి వెళితే సోవియట్ యూనియన్, చెకోస్లోవేకియా, రెండు జర్మనీలు తగులుతాయి. వాటిని నేటి దేశాలకు మారుస్తారో, నాటి పేర్లతోనే ఉంచుతారో తేల్చుకోండి. నా మటుకు నేను పత్రం వచ్చిన నాటి దేశాన్నే లెక్కిస్తాను, రెండు జర్మనీలను మాత్రం కలుపుతాను. దీనికి శాస్త్రీయమైన సమర్థన ఏమీ లేదు, పొడవాటి కాలశ్రేణిలో గండి పడకుండా ఉంటుందని అంతే.

సంస్థల పేర్లు మరో అడవి. దేశం లెక్కకు ఇవి అంతగా అడ్డురావు గానీ, సంస్థల మధ్య సహకారం కూడా చూడాలనుకుంటే తప్పదు. 1964లో మొదలైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తరువాత ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టుకుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక రాజేంద్రనగర్ ప్రాంగణం ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది, రంగా విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గర లాంకు మారింది. అదే గది, అదే బల్ల, అదే శాస్త్రవేత్త. చిరునామాలో మాత్రం సంస్థ మారిపోయింది. పేర్లతో కుస్తీ పట్టకుండా, సంస్థలకు స్థిరమైన గుర్తింపు సంఖ్యలిచ్చే ఆర్‌ఓఆర్ జాబితా వాడుకోండి. మారిన పేర్లు, కేంద్రాలు, మాతృసంస్థల సంబంధాలు అందులో కొంతవరకు దొరుకుతాయి.

చేతిపని ఎలా ఉండాలో చెబుతాను. స్ప్రెడ్‌షీటులో ఒక్కో వరుసకు ఒక పత్రంలోని ఒక రచయిత తాలూకు ఒక చిరునామా. ముగ్గురు రచయితలు, వారిలో ఒకరికి రెండు చిరునామాలుంటే నాలుగు వరుసలు. నిలువుగా: పత్రం సంఖ్య, రచయిత వరుస సంఖ్య, అచ్చయిన చిరునామా ఉన్నదున్నట్టు, దేశం రెండక్షరాల సంకేతం, సంస్థ గుర్తింపు, చివర్లో ‘ఎందుకు’ అనే గడి. చేత్తో మార్చిన ప్రతిచోటా ఆ గడిలో ఒక ముక్క రాయండి: ‘ఏథెన్స్ అమెరికాలోనిది’. అచ్చయిన చిరునామా గడిని ఎప్పుడూ దిద్దవద్దు. ఆరు నెలల తరువాత ఎవరైనా ప్రశ్నిస్తే మీ మాట మీరే నమ్మలేరు, ఆ గడి నమ్మిస్తుంది.

చిరునామా అసలు లేని పత్రాలను విడిగా లెక్కపెట్టండి. వాటిని ‘ఒకే దేశం’ కింద జమ కట్టడం చాలా నివేదికల్లో మౌనంగా జరిగే తప్పు. పాత సంవత్సరాల్లో అలాంటివి ఎక్కువ, కొత్త సంవత్సరాల్లో తక్కువ. కాబట్టి సహకారం ఏమాత్రం పెరగకపోయినా గీత పైకి వెళుతూ కనిపిస్తుంది.

ఐదో పని: ‘అంతర్జాతీయం’ అంటే ఏమిటో తీర్పు చెప్పడం

అందరూ వాడే నియమం: చిరునామాల్లో రెండు లేదా అంతకంటే ఎక్కువ దేశాలుంటే అంతర్జాతీయం. ఓపెన్‌అలెక్స్ అంకె కూడా దీన్నే చెబుతుంది. ఇందులో చిల్లు ఎక్కడంటే, ఒకే వ్యక్తికి రెండు దేశాల చిరునామాలుండవచ్చు. పీహెచ్‌డీ ఇక్కడ చేసి ఆస్ట్రేలియాలో ఉద్యోగంలో చేరిన విద్యార్థి పాత పని అచ్చయ్యేటప్పుడు రెండూ రాస్తారు. గౌరవ ఆచార్యులు రెండూ రాస్తారు. ఒంటరిగా రాసిన పత్రం కూడా ఈ నియమం ప్రకారం అంతర్జాతీయ సహకారమే, తనతో తాను సహకరించుకున్నట్టు.

నేను వాడే కఠిన నియమం: రచయితలందరికీ ఉమ్మడిగా ఒక్క దేశమైనా ఉంటే అది అంతర్జాతీయం కాదు. ఉదాహరణకు ఒకరికి భారత్, ఆస్ట్రేలియా రెండు చిరునామాలు. మరొకరికి భారత్ మాత్రమే. ఇద్దరికీ భారత్ ఉమ్మడి కాబట్టి స్వదేశీ. రెండోవారి చిరునామా కెన్యా అయితే ఉమ్మడి దేశం లేదు, అంతర్జాతీయం. రెండు నియమాలతోనూ కట్టి తేడా చూడండి. తేడా తక్కువైతే వదిలేయండి. ఎక్కువైతే ఆ తేడాయే మీ రంగం గురించి ఒక వార్త.

ఇప్పుడు ఇక్రిశాట్ సంగతి. ఇక్కడ అంకెలతో చూపించడమే మేలు. ఇవి నిజమైన లెక్కలు కావు, అర్థం కావడానికి ఊహించినవి. మొత్తం 1000 పత్రాలు. చిరునామా నియమం ప్రకారం 180 అంతర్జాతీయం, అంటే 18 శాతం. ఆ 180లో 15 పత్రాలు ఇక్రిశాట్ పటాన్‌చెరు, ఇక్రిశాట్ నైరోబీ మాత్రమే రాసుకున్నవి. మిగిలిన 820 స్వదేశీ పత్రాల్లో 120 ఇక్రిశాట్ పటాన్‌చెరు, భారతీయ సంస్థలు కలిసి రాసినవి. ఇక్రిశాట్‌ను ఏ దేశానికీ చెందని విడి సభ్యురాలిగా పరిగణిస్తే 15 తీసేయాలి, 120 కలపాలి. 285 అవుతుంది. 18 శాతం కాస్తా 28.5 శాతమైంది. ఒక్క కొత్త పత్రం రాలేదు, ఒక్క కొత్త స్నేహం కలవలేదు.

ఏది సరైనది? ప్రశ్నను బట్టి. దేశాల సరిహద్దులు దాటి మనుషులు కలుస్తున్నారా అన్నది మీ ప్రశ్న అయితే చిరునామా నియమం చాలు. పటాన్‌చెరులో పనిచేసేవారిలో చాలామంది భారతీయులే. అంతర్జాతీయ సంస్థల వల్ల స్థానిక విశ్వవిద్యాలయాలకు ఒరిగిందేమిటన్నది ప్రశ్న అయితే విడి సభ్యురాలి పద్ధతి కావాలి. నేను రెండూ కట్టి, రెండూ ముద్రిస్తాను. ఒకసారి ఒక సంస్థ వార్షిక నివేదికకు ఈ రెండు అంకెలూ ఇచ్చాను, వివరణతో సహా. అచ్చులో పెద్దది మాత్రమే వచ్చింది, వివరణ రాలేదు. అప్పటినుంచి రెండు అంకెలనూ ఒకే వాక్యంలో ఇరికించి రాస్తున్నాను, విడదీయడం కష్టంగా ఉండాలని.

ఈ చిక్కు కందికే పరిమితం కాదు. వరికి ఫిలిప్పీన్స్‌లోని ఇర్రి, గోధుమ మొక్కజొన్నలకు మెక్సికోలోని సిమిట్, కణ భౌతికానికి జెనీవా దగ్గరి సెర్న్. సెర్న్ చిరునామాలన్నీ స్విట్జర్లాండ్ ఖాతాలో పడితే ఆ చిన్న దేశం భౌతికశాస్త్రంలో ఎంత స్నేహశీలిగా కనిపిస్తుందో ఊహించుకోండి.

ఆరో పని: లెక్క

శాతం సులభం: అంతర్జాతీయ పత్రాలను, చిరునామాలున్న మొత్తం పత్రాలతో భాగించండి. దేశాలవారీగా పంచేటప్పుడే ఆలోచించాలి. ఒక పత్రానికి అయిదుగురు రచయితలు: ముగ్గురు భారత్, ఒకరు చైనా, ఒకరు అమెరికా. పూర్తి లెక్కలో మూడు దేశాలకూ ఒక్కో పత్రం జమ. దేశాల మొత్తాలు కూడితే పత్రాల సంఖ్యను మించిపోతుంది. వాటాల లెక్కలో రచయితలను బట్టి భారత్‌కు 0.6, మిగతావారికి 0.2 చొప్పున. ‘మన దేశం ఎన్నిటిలో పాల్గొంది’ అంటే పూర్తి లెక్క, ‘మన వంతు ఎంత’ అంటే వాటాల లెక్క. రెండూ కలిపి ఒకే పట్టికలో పెట్టకండి.

చిన్న అంకెల విషయంలో జాగ్రత్త. ఒక దేశానికి 40 పత్రాలు, అందులో 10 అంతర్జాతీయమైతే శాతం 25. కానీ ఇంత తక్కువ పత్రాలతో 95 శాతం విశ్వాసంతో చెప్పగలిగే పరిధి సుమారు 14 నుంచి 40 వరకు. మరుసటి ఏడాది 31 శాతమైందని పండుగ చేసుకోవడానికి ఇందులో ఏమీ లేదు. కంది లాంటి రంగంలో ఏటేటా కాకుండా మూడేళ్లను ఒక ముద్దగా చేసి చూడండి.

ఏడో పని: ఎవరితో ఎవరు

ఉమ్మడి పత్రాల సంఖ్య ఒక్కటే చూస్తే పెద్ద దేశాలే ఎప్పుడూ దగ్గరి మిత్రుల్లా కనిపిస్తాయి. అందుకే శాల్టన్ కొలత వాడతారు: రెండు దేశాల ఉమ్మడి పత్రాలను, ఆ రెండు దేశాల పత్రాల గుణకారానికి వర్గమూలంతో భాగించడం. మళ్లీ ఊహించిన అంకెలే. భారత్‌కు 1000, అమెరికాకు 250, కెన్యాకు 40 పత్రాలు. భారత్-అమెరికా ఉమ్మడివి 50, భారత్-కెన్యా ఉమ్మడివి 20. మొదటి జంటకు గుణకారం 2,50,000, వర్గమూలం 500, కొలత 0.1. రెండో జంటకు గుణకారం 40,000, వర్గమూలం 200, కొలత మళ్లీ 0.1. సంఖ్యలో రెండున్నర రెట్ల తేడా ఉన్నా బంధం బలం సమానమని తేలింది.

కానీ శాల్టన్ కొలత ఇరువైపులా ఒకటే. బంధాన్ని కెన్యా వైపు నుంచి చూస్తే దాని 40 పత్రాల్లో సగం భారత్‌తోనే. భారత్ వైపు నుంచి చూస్తే 2 శాతం. ఒకరికి సగం బతుకు, మరొకరికి చిటికెడు ఉప్పు. ఈ అసమానతను చూపని నివేదిక అసలు కథను దాచినట్టే. కొలత పక్కనే రెండు వైపుల శాతాలూ రాయండి.

పటం గీయడానికి లైడెన్ విశ్వవిద్యాలయంలో తయారైన వాస్‌వ్యూయర్ ఉచితంగా దొరుకుతుంది. సహరచన విశ్లేషణ, ప్రమాణంగా దేశాలు ఎంచుకోండి. ఇంగ్లండ్‌నూ స్కాట్లాండ్‌నూ కలపడానికి పర్యాయపదాల ఫైలు ఇచ్చే వీలుంది: ఒక గడిలో పాత పేరు, పక్క గడిలో దాని బదులు వాడాల్సిన పేరు. నాలుగో పనిలో మీరు చేసిన శ్రమ ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది. పటం అందంగా ఉంటుంది, చూసినవాళ్లు మెచ్చుకుంటారు. దాన్నుంచి నేనెప్పుడూ నిర్ధారణలు చేయను. బొమ్మ చూసి ప్రశ్నలు పుట్టించుకుని పట్టికలో జవాబు వెతుకుతాను.

ఒక్క హెచ్చరిక. ఒక పత్రంలో దేశాలు మూడైతే జంటలు మూడే, పదైతే 45, నలభై అయితే 780. ఒక్క మహాపత్రం మొత్తం పటాన్ని మింగేస్తుంది. కందిలో ఇది అరుదు. కణ భౌతికంలో నిత్యం: హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద 2015లో వచ్చిన ఉమ్మడి పత్రానికి 5,154 మంది రచయితలు, 33 పేజీల్లో 24 పేజీలు వారి పేర్లూ సంస్థలే. అలాంటి చోట ప్రతి జంటకూ దేశాల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, దానితో ఒకటిని భాగించి బరువివ్వండి. అప్పుడు ఎంత పెద్ద పత్రమైనా ఒక్కో దేశానికి మొత్తంగా ఒక్క వంతే వస్తుంది.

ఎనిమిదో పని: పగ్గాలు ఎవరివి

అంతర్జాతీయ పత్రాలను మాత్రమే తీసుకుని, మొదటి రచయిత, ఉత్తరప్రత్యుత్తరాల బాధ్యత ఉన్న రచయిత ఏ దేశంవారో చూడండి. మలావీ పొలాల్లో జరిగిన కంది ప్రయోగానికి మలావీ శాస్త్రవేత్త పేరు ఎప్పుడూ నడిమధ్యే ఉంటే, శాతం ఎంత గొప్పగా ఉన్నా అది చెప్పుకోదగ్గ సహకారం కాదు. ఒక్కో దేశానికి ‘పాల్గొన్నవి’, ‘నడిపించినవి’ అని రెండు నిలువు గడులు పెట్టి నిష్పత్తి చూస్తే చాలు. అక్షరక్రమంలో పేర్లు రాసే రంగాల్లో ఈ లెక్క పనికిరాదు. గణితం, అర్థశాస్త్రంలో ఆ అలవాటు ఉంది.

ఏటికేడు పెరిగిందా?

పెరిగే ఉంటుంది. విజ్ఞానశాస్త్రమంతటా దశాబ్దాలుగా అంతర్జాతీయ సహరచన పెరుగుతూనే ఉంది. కాబట్టి కంది శాతం పెరగడం వార్త కాదు. మొక్కల శాస్త్రం మొత్తంలో పెరిగినదానికంటే వేగంగా పెరిగిందా, నెమ్మదిగా పెరిగిందా అన్నది వార్త. అదే డేటాబేస్, అవే సంవత్సరాలు, అదే నియమంతో పోలికకు ఒక పెద్ద రంగాన్నీ, ఒక పొరుగు పంటనూ కట్టండి. కందికి శనగ సరైన జోడీ: అదీ పప్పు, దాని మీదా ఇక్రిశాట్ పనిచేస్తుంది. ఒక పత్రాన్ని తరువాతి పత్రాలు ఎన్నిసార్లు ఉదహరించాయన్న సంఖ్యను కూడా జోడించి ‘విదేశీయులతో రాస్తే ఎక్కువమంది ఉదహరిస్తారు’ అని రాయాలనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. అంతర్జాతీయ పత్రాలకు రచయితలు ఎక్కువ, తమ పత్రాలను తామే ఉదహరించేవారూ ఎక్కువ. రచయితల సంఖ్య సమానంగా ఉన్న పత్రాలనే పోల్చి చూడండి.

లెక్కకు అందనివి

ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో 13 వేలకు పైగా కంది నమూనాలు భద్రంగా ఉన్నాయి. వాటిలోంచి చిన్న కవరులో వెళ్లిన గింజలతో మరో దేశంలో కొత్త రకం పుడుతుంది. గింజలు పంపినవారి పేరు రచయితల్లో ఉండదు, మహా అయితే కృతజ్ఞతల్లో ఒక వాక్యం. సహరచన సహకారానికి పాక్షిక సూచిక మాత్రమేనని కాట్జ్, మార్టిన్ అనే పరిశోధకులు 1997లోనే వివరించారు. శాస్త్రవేత్తలను కలిసి మాట్లాడిన గ్రిట్ లాడెల్ 2002లో, సహకారాల్లో సుమారు సగం సహరచనలోనూ కృతజ్ఞతల్లోనూ కనిపించవని చూపారు.

వీలైతే 50 పత్రాల కృతజ్ఞతలు చేత్తో చదవండి. విత్తనం ఎక్కడిది, డబ్బు ఎవరిది, శిక్షణ ఎక్కడ అన్న మూడు గడులు నింపండి. ఒక మధ్యాహ్నం పని. స్వదేశీ గంపలో పడిన పత్రాల్లో ఎన్నింటి వెనుక విదేశీ గింజ ఉందో అప్పుడు తెలుస్తుంది. మీ శాతం పక్కన ఆ అంకెనూ పెట్టండి.

చివరి పని: పద్ధతి గురించిన పేరా

నివేదికలో అంకె ఉన్న పేజీలోనే ఇలాంటి ముక్క ఒకటి ఉండాలి, అనుబంధంలో దాచవద్దు: ‘ఫలానా డేటాబేస్ నుంచి ఫలానా తేదీన, ఈ పదాలతో వెతికి తెచ్చిన పరిశోధన పత్రాలు, సమీక్షలు. చిరునామా లేనివి ఇన్ని, వాటిని లెక్కలోంచి తీసేశాం. రచయితలందరికీ ఉమ్మడి దేశం లేని పత్రాన్నే అంతర్జాతీయంగా లెక్కించాం. ఇక్రిశాట్‌ను భారత్‌లో కలిపితే ఇంత శాతం, విడిగా తీస్తే ఇంత శాతం. దేశాలవారీ అంకెలు పూర్తి లెక్కలో ఉన్నాయి.’ దాని కింద ‘ఎందుకు’ గడితో సహా మీ చిరునామాల ఫైలు ఎక్కడ దొరుకుతుందో రాయండి.